బావమరిది అడిగితే చెప్పకండి, భార్య సంగతి వేరు

గుంతకల్లులో మీ దగ్గర పరీక్ష చేయించుకున్న లారీ డ్రైవరుకు హెచ్‌ఐవీ ఉందని తేలింది, భార్యకు చెప్పొద్దంటున్నాడు, ఈలోగా బావమరిది వచ్చి రిపోర్టు అడుగుతున్నాడు అని రాశారు.

బావమరిది సంగతి సులువు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం డ్రైవరు అనుమతి లేకుండా మీరు నోరు విప్పకూడదు. డ్రైవరు మీ దగ్గరికి వచ్చాడన్న మాట కూడా బయటపెట్టకండి.

భార్య విషయమే బరువైనది. భర్త ఒప్పుకోకపోయినా ఆమెకు చెప్పడానికి ఆ చట్టంలోని 9వ సెక్షన్ డాక్టరుకు, కౌన్సెలర్‌కు మాత్రమే ఒక దారి ఇచ్చింది, దానికి షరతులున్నాయి. ఆమెకు సోకే ముప్పు గట్టిగా ఉండాలి. భర్తే చెప్పేలా కౌన్సెలింగ్ చేసి ఉండాలి. అయినా చెప్పడని తేలాలి. మీరు చెప్పబోతున్నట్లు ఆయనకు ముందే తెలియజేయాలి. ఆ తరువాత ఆమెకు కౌన్సెలింగ్ చేసి, ఎదురుగా చెప్పాలి, ఫోనులో కాదు.

డ్రైవరుతో ఒక్కసారే మాట్లాడానన్నారు, అది చాలదు. మందులు క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా భార్యకు సోకదని వివరించండి. ఆ భయం తీరితే ఆయనే చెప్పవచ్చు.

జరిగినదంతా తేదీలతో రాసి, ఫైలు బీరువాలో పెట్టి తాళం వేయండి. అనంతపురంలో మేము ఒకప్పుడు బల్లమీదే వదిలేసేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.