కీళ్లపై సొంత సైన్యం దాడి

ప్రశ్న: మా అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం అని డాక్టరు చెప్పారు. ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటున్నారు. కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్లను ఎలా దెబ్బతీస్తుంది?
– ఒక పాఠకురాలు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

జవాబు: మన జిల్లాలో ఆ అనుమానం సహజమే గానీ, ఫ్లోరోసిస్ వేరు, ఇది వేరు. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. ఈ జబ్బులో తెల్ల రక్తకణాలే కీలు లోపలి పొరను పరాయిదిగా పొరబడతాయి. ఛాతీలోని థైమస్ గ్రంథిలో టి-కణాలు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు తయారయ్యేటప్పుడు, సొంత కణజాలంపై తిరగబడే వాటిలో చాలావాటిని శరీరం అక్కడే నశింపజేస్తుంది. ఆ వడపోతను తప్పించుకున్న కొన్నింటిని నియంత్రణ కణాలు అదుపులో ఉంచుతాయి. జన్యు లక్షణాలు, పొగతాగడం వంటివి తోడై ఆ అదుపు సడలినప్పుడు కీలు వాచి, క్రమంగా మృదులాస్థి, ఎముక అరిగిపోతాయి. ఈ జబ్బు స్త్రీలలోనే ఎక్కువ. మందులు తొందరగా మొదలుపెడితే కీళ్లు వంకరపోకుండా చాలావరకు ఆపవచ్చు కనుక, నొప్పి బిళ్లలతో కాలం గడపకుండా రుమటాలజిస్టుకు చూపించండి.