జగడాలమారి చేపల తొట్టిలో వేటికి చోటు?

ప్రశ్న: మా అక్వేరియం నాలుగు అడుగుల పొడవు ఉంటుంది, దాదాపు 200 లీటర్ల నీరు పడుతుంది. అందులో ఒక కాన్విక్ట్ సిచ్లిడ్ జంట, ఆరు టైగర్ బార్బ్‌లు, బాగా ఎదిగిన రెండు ఏంజెల్ చేపలు, పది నియాన్ టెట్రాలు, ఒక రెడ్‌టెయిల్ షార్క్ వేశాను. నియాన్‌లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఏంజెల్‌ల రెక్కలు చిరిగిపోయాయి. కాన్విక్ట్‌లు సగం తొట్టిని ఆక్రమించుకొని మిగిలిన చేపలన్నింటినీ ఒక మూలకు నెట్టివేశాయి. వీటిలో దేన్ని తీసివేస్తే తక్కినవి ప్రశాంతంగా ఉంటాయి?

జవాబు: మీ తొట్టిలో ఒకేసారి మూడు వేర్వేరు వ్యవహారాలు నడుస్తున్నాయి కాబట్టి, ఒక్క చేపను దోషిగా నిలబెట్టి బయటికి పంపినంత మాత్రాన సమస్య తీరదు. వేటాడడం, రెక్కలు కొరకడం, చోటు కోసం కొట్లాడడం అనే ఈ మూడింటినీ మనం ‘దూకుడు’ అనే ఒకే పేరుతో పిలుస్తుంటాం గాని, వాటి కారణాలు వేరు, వాటికి చేయవలసిన ఉపాయాలూ వేరు.

నియాన్‌ల సంగతి మొదట చూద్దాం. నియాన్ టెట్రా పెరిగినా మూడు, నాలుగు సెంటీమీటర్లకు మించదు. ఏంజెల్ శరీరం పదిహేను సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అమెజాన్ పరీవాహక నదుల్లో ఏంజెల్ చిన్న చేపలనూ పురుగులనూ తిని బతికే జీవి. దాని నడక ఎంత హుందాగా ఉన్నా అది కూడా కాన్విక్ట్ మాదిరిగానే సిచ్లిడ్ కుటుంబానికి చెందినదేనన్న సంగతి చాలామందికి తట్టదు. నోటిలో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. ఇందులో కోపమూ లేదు, మాన్పించగలిగే అలవాటూ లేదు. కడుపునిండా మేత వేసినంత మాత్రాన చీకటి పడిన తరువాత నియాన్‌లు క్షేమంగా ఉంటాయని చెప్పలేము. చేపలను ఎంచుకునేటప్పుడు అవి ఇప్పుడున్న సైజును గాక, పూర్తిగా ఎదిగిన తరువాత వచ్చే సైజును పక్కపక్కన పెట్టి చూడవలసింది ఇందుకే.

రెక్కలు చిరగడానికి ఎక్కువగా అనుమానించవలసింది టైగర్ బార్బ్‌లను. ఇవి గుంపుగా బతికే చేపలు. గుంపులో పెద్దరికం కోసం ఒకదాన్నొకటి తరుముకుంటూ, పొడుచుకుంటూ పొద్దుపుచ్చుతాయి. గుంపు చిన్నదైతే ఆ చిలిపితనం బయటి చేపల మీదికి మళ్లుతుంది. ఆరు అన్నది తక్కువ సంఖ్య. పది, పన్నెండు ఉంటే వాటి కొట్లాట చాలావరకు వాటిలోనే తేలిపోతుంది. అయితే ఎన్ని పెంచినా, ఏంజెల్, బెట్టా, గౌరామి వంటి పొడవైన రెక్కలూ మీసాలవంటి తంతువులూ వేలాడే చేపలను వాటి సరసన ఉంచమని నేను సలహా ఇవ్వను.

అసలు చిక్కు కాన్విక్ట్‌లతోనే. మధ్య అమెరికా వాగుల్లో పుట్టిన ఈ చేప పది, పన్నెండు సెంటీమీటర్లకు మించి పెద్దగా పెరగదు. ఒంటరిగా ఉన్నంతకాలం ఒక మోస్తరుగా సర్దుకుపోతుంది. జోడీ కట్టి ఏదైనా గుహలోనో రాతి చాటునో గుడ్లు పెట్టిన నాటినుంచి మాత్రం తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి, తమకు రెట్టింపు సైజున్న చేపలను సైతం తరిమికొడతాయి, పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తరువాత కూడా ఆ కాపలా సడలించవు. ప్రకృతిలో ఓడిన చేప హద్దు దాటి పారిపోతుంది, దానితో ఆ కయ్యం ముగిసిపోతుంది. నాలుగు అడుగుల గాజు గోడల మధ్య దాటడానికి హద్దే మిగలదు. పారిపోయిన చేప తిరిగి వచ్చేది మళ్లీ ఆ జంట ఎదుటికే. దెబ్బలకంటే ఈ ఎడతెగని తరుములాటే బలహీనమైన చేపలను ఎక్కువగా చంపుతుంది. తిండి మానివేసి, మూలన నక్కి, రంగు వెలిసి, చివరికి ఏదో ఒక జబ్బుకు లొంగిపోతాయి.

రెడ్‌టెయిల్ షార్క్ పేరుకే షార్క్. అది బొచ్చె, రోహుల కుటుంబానికి చెందిన చేప. అడుగున తన చోటు తాను కాచుకుంటుంది, తన ఆకారాన్ని, రంగును పోలిన చేప కనిపిస్తే మరింత రెచ్చిపోతుంది. ఈ పోలిక అన్నది చేపల కొట్లాటల్లో పెద్ద విషయం. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్, మగ స్టికిల్‌బ్యాక్ చేపలు ప్రత్యర్థి పొట్ట మీది ఎరుపును చూసి దాడికి దిగుతాయని, చేప ఆకారం సరిగా లేని బొమ్మకు సైతం అడుగున ఎర్ర రంగు పూస్తే దాని మీదికి ఉరుకుతాయని రాశారు. అన్ని చేపలకూ ఇదే సూత్రం అక్షరాలా వర్తిస్తుందని కాదు గాని, ఒకే ఆకారం, ఒకే రంగు ఉండి, నీటిలో ఒకే మట్టంలో తిరిగే రెండు జగడాలమారి జాతులను కలపరాదన్న పెంపకందారుల అనుభవం దీనికి దగ్గరగానే ఉంటుంది.

ఇక మీరు చేయవలసినది: ఈ తొట్టి ఎవరిదో ముందుగా నిర్ణయించుకోండి. అన్నిటికంటే ఉగ్రమైన చేపను మొదట ఎంచుకొని, మిగిలినవాటిని దానికి తగినట్లుగా కూర్చుకోవాలే గాని, నచ్చినవన్నీ వేసి చివరకు సంధి చేయాలనుకోవడం వృథా ప్రయాస. కాన్విక్ట్‌లు ఉండాలనుకుంటే ఏంజెల్‌లను, రెడ్‌టెయిల్ షార్క్‌ను వేరే చోటికి పంపండి. టైగర్ బార్బ్‌ల గుంపును పెంచవచ్చు, లేదా వాటికి బదులు పైమట్టంలో వేగంగా ఈదే జెయింట్ డానియోలను ఏడెనిమిదిని వేయవచ్చు. ఇవి చురుకైనవి కాబట్టి దెబ్బకు అందవు. పైగా గుంపు నిర్భయంగా బయట తిరగడం చూసి సిచ్లిడ్‌లు కూడా దాక్కోవడం మానుతాయి, వాటి కోపం ఒకే చేప మీద కేంద్రీకృతం కాదు. ఇటువంటి తోడు చేపలను సిచ్లిడ్ పెంపకందారులు డిథర్ చేపలు అంటారు. అడుగున తిరిగే మెత్తని చేపలను మాత్రం వేయకండి. జంటను విడదీసి ఒక్క కాన్విక్ట్‌నే ఉంచుకుంటే పని ఇంకా సులువవుతుంది. సాధారణంగా ఆడదాని పొట్ట మీద నారింజ రంగు మచ్చలుంటాయి, మగది పెద్దదిగా, మొనదేలిన రెక్కలతో ఉంటుంది.

ఏంజెల్‌లే ముఖ్యమనుకుంటే కాన్విక్ట్‌లూ బార్బ్‌లూ రెడ్‌టెయిల్ షార్కూ వెళ్లిపోవాలి. వాటి స్థానంలో నోటికి అందని సైజున్న కాంగో టెట్రాల గుంపు, అడుగున కోరిడోరాలనే చిన్న క్యాట్‌ఫిష్‌లు, నాచు తినే బ్రిసిల్‌నోస్ ప్లెకో ఒకటి చక్కగా ఇముడుతాయి. ఒక్క హెచ్చరిక: మీ ఏంజెల్‌లు రెండూ జోడీ అయితే గుడ్లు పెట్టే రోజుల్లో అవీ ఒక మూలను కాచుకుంటాయి, అయితే కాన్విక్ట్‌లంత ఉగ్రంగా కాదు. చిరిగిన రెక్కలకు మందులకంటే శుభ్రమైన నీరు ముఖ్యం. చేపల వ్యర్థాలనుంచి నీటిలో చేరే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండేలా చూసుకుంటూ, వారానికి పాతిక శాతం నీరు మారిస్తే అవి క్రమంగా తిరిగి పెరుగుతాయి.

ప్రశ్న: ఆస్కార్ చేపతో పాటు అడుగు శుభ్రం చేయడానికి కోరిడోరాలు వేయవచ్చునా?

జవాబు: వేయకండి. కోరిడోరా తన వీపు రెక్క, పక్క రెక్కల ముళ్లను నిటారుగా బిగించుకోగలదు. ఆస్కార్ దానిని మింగబోతే ఆ ముళ్లు గొంతులో దిగబడి రెండూ చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆస్కార్ ముప్పై సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, ఒక్కదానికే సుమారు 300 లీటర్ల తొట్టి కావాలి. తొట్టి అంతకంటే బాగా పెద్దదైతే ఎదిగిన సిల్వర్ డాలర్ చేపల గుంపు దానికి మంచి తోడు. అవి మొక్కలను తినేస్తాయి గాని ఆస్కార్ కూడా మొక్కలను పీకి పారేసే చేపే కాబట్టి పోయేదేమీ లేదు. ఇక అడుగు శుభ్రం చేసే పని ఏ చేపకూ అప్పగించకండి, అది మీదే.

ప్రశ్న: కొత్తగా ఏ చేపను వేసినా పాతవి మీదపడుతున్నాయి. ఉపాయం చెప్పగలరు.

జవాబు: ముందునుంచీ ఉన్న చేపకు తన చోటు తెలుసు, కొత్తదానికి దారి కూడా తెలియదు, అందుకే సైజు సమానమైనా సాధారణంగా పాతదే గెలుస్తుంది. కొత్త చేపను వదిలే ముందు రాళ్లు, చెట్టు మొద్దులు, గుహలన్నిటినీ తీసి వేరే వరుసలో అమర్చితే పాత హద్దులు చెరిగిపోయి అందరూ ఒకేసారి కొత్తగా మొదలుపెట్టవలసి వస్తుంది. దీపం ఆర్పివేసి, పాతవాటికి మేత వేసిన తరువాత వదలండి. ఒక్కదానికి బదులు ఒకేసారి మూడు, నాలుగు వేస్తే దెబ్బలు పంచుకుపోతాయి. అంతకుముందు రెండు నుంచి నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి జబ్బులేమీ లేవని చూసుకోవడం మరువకండి. కొత్త తొట్టిని నింపేటప్పుడు సాధువైన జాతులను ముందుగా, జగడాలమారిని అన్నిటికంటే చివరగా వేయాలి. ఇప్పటికే ఒక చేప పెత్తనం చేస్తుంటే దానిని కొన్ని రోజులు విడిగా ఉంచి, అమరిక మార్చి తిరిగి వదలండి. చాలాసార్లు దాని జోరు తగ్గుతుంది. తగ్గకపోతే దానికి ఒంటరి తొట్టే దిక్కు, ఫ్లవర్‌హార్న్ అనే సంకర సిచ్లిడ్‌లకు మొదటినుంచీ అదే మేలు.

ప్రశ్న: తొట్టిని కిక్కిరిసేలా నింపితే పోట్లాటలు తగ్గుతాయని విన్నాను. నిజమేనా?

జవాబు: ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన ఎంబునా సిచ్లిడ్‌ల విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. చేపలు ఎక్కువైతే ఎవరూ ఒక చోటును పూర్తిగా కాచుకోలేరు, దెబ్బలు ఒక్కదాని మీదే పడవు. దీనికి బలమైన ఫిల్టరు, తరచుగా నీరు మార్చే ఓపిక, ఒక్కో మగకు రెండు మూడు ఆడ చేపలు, 7.8 నుంచి 8.6 మధ్య పీహెచ్ గల, లవణాలు ఎక్కువగా ఉండే కఠిన జలం కావాలి. ఆ నీటిలో టెట్రాలను కలపడం సరికాదు. ఎంబునాలలో కూడా ఎల్లో ల్యాబ్ సౌమ్యమైనది; ఆరేటస్ మాత్రం అనుభవం లేనివారు ముట్టుకోవద్దు. కాన్విక్ట్‌లకూ ఆస్కార్‌లకూ ఈ పద్ధతి పనికిరాదు; వాటి తొట్టిలో కిక్కిరింపు నీటిని పాడుచేస్తుందే తప్ప కోపాన్ని తగ్గించదు.