యూరోపియం కణాలు ఉండలు కడుతున్నాయి, నెగటివ్ శాంపిల్‌లోనూ టెస్ట్ లైన్ మెరుస్తోంది: ఎందుకు?

లాటరల్ ఫ్లో స్ట్రిప్ టెస్టుల్లో యాంటీబాడీ ఎక్కించి వాడే, యూవీ కింద ఎర్రగా మెరిసే కణాలివి; వెతుకుతున్న పదార్థం ఉన్నప్పుడే టెస్ట్ లైన్ మెరవాలి. పైన చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు ఉండల సంగతి చూడండి, అవి ఉండగా రెండోది తేలదు.

పైన కార్బాక్సిల్ (ఆమ్ల) సమూహాలున్న 200 నానోమీటర్ల కణాలు ఒకదాన్నొకటి అంటుకోకుండా ఆపేది వాటి మీది రుణావేశం. యాంటీబాడీని అతికించడానికి వాడే రసాయనం ఈడీసీ ఆ కార్బాక్సిల్స్‌నే కప్పేస్తుంది. అందుకే చాలాసార్లు యాంటీబాడీ వెయ్యకముందే, ఈడీసీ వేసే దశలోనే (యాక్టివేషన్) ఉండలు మొదలవుతాయి. ఈడీసీకి తోడుగా వేసే మామూలు ఎన్‌హెచ్‌ఎస్ బదులు సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్ వాడితే కొంత ఆవేశం నిలుస్తుంది.

1 మి.గ్రా. కణాలు (1% స్టాక్ అయితే 100 మైక్రోలీటర్లు) 1 మి.లీ. 50 మిల్లీమోలార్ ఎంఈఎస్ బఫర్‌లో, పీహెచ్ 6 దగ్గర తీసుకోండి. ఈడీసీని అప్పటికప్పుడు కరిగించి వాడాలి. నిన్నటి ద్రావణం నీళ్లతో సమానం. 15-20 నిమిషాలు చాలు. సెంట్రిఫ్యూజ్‌లో 15,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, బాత్ సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కణాలను విడదీసే తొట్టి) పూర్తిగా విడదీశాకే పీహెచ్ 7.4 హెపెస్ బఫర్‌లో 50-100 మైక్రోగ్రాముల యాంటీబాడీ కలపండి. రెండు గంటలయ్యాక గ్లైసిన్, 1% బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్)తో మిగిలిన ఖాళీ చోట్లను నింపండి (బ్లాక్ చెయ్యండి).

యాంటీబాడీ స్టాక్ లేబుల్ తప్పక చదవండి. అందులో ట్రిస్ (ఒక బఫర్ లవణం), గ్లైసిన్ లేదా బీఎస్‌ఏ ఉంటే వాటి అమీన్లే కణాలకు అతుక్కుంటాయి, మీ యాంటీబాడీకి చోటు మిగలదు. ట్రిస్, గ్లైసిన్‌లను డీసాల్టింగ్ కాలమ్‌తో (చిన్న అణువులను వేరుచేసే గొట్టం) తీసెయ్యొచ్చు. బీఎస్‌ఏ అలా పోదు, అది లేని స్టాకే తెప్పించుకోవాలి.

ఇక నెగటివ్‌లో మెరుపు. యాంటీబాడీ లేకుండా బీఎస్‌ఏ మాత్రమే ఎక్కించిన కణాలను స్ట్రిప్ మీద నడపండి. అప్పుడూ లైన్ మెరిస్తే కణాలు ఊరికే అంటుకుంటున్నాయన్నమాట: రన్నింగ్ బఫర్‌లో ట్వీన్-20 (ఒక డిటర్జెంట్)ని 0.1% నుంచి 0.5% దాకా పెంచి చూడండి. మెరవకపోతే తప్పు బహుశా యాంటీబాడీ జతలో (కణాల మీదిది, లైన్ మీదిది) ఉంది, ట్వీన్‌తో పోకపోవచ్చు.

లైన్ కాకుండా స్ట్రిప్ అంతా వెలుగుతుంటే అది వేరే కథ. 365 నానోమీటర్ల యూవీ కింద కాగితం, ప్లాస్టిక్ బ్యాకింగ్ కూడా నీలంగా మెరుస్తాయి. ఆ వెలుగు చాలావరకు నానోసెకన్లలో ఆరిపోతుంది, యూరోపియం ఎరుపు (615 నానోమీటర్ల దగ్గర) వందల మైక్రోసెకన్లు నిలుస్తుంది. రీడర్‌లో ఫ్లాష్ తర్వాత 100 మైక్రోసెకన్లు ఆగి కొలిచే అమరిక ఉంటే పెట్టుకోండి. చేతి టార్చ్‌తో చూస్తే ఈ లాభమంతా పోతుంది. కనీసం ఎర్ర ఫిల్టర్ అడ్డం పెట్టండి.

కణాలను ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టి కరిగితే ఏర్పడే ఉండలను సోనికేటర్ కూడా పూర్తిగా విడదీయలేదు.