ఓటరు జాబితాలో ఆమె పేరు

ప్రశ్న: చెన్నైలో పెరంబూరు దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర కుట్టుపని, కంప్యూటరు, నర్సులకు సహాయకులుగా పనిచేసే శిక్షణ పొందే అమ్మాయిల్లో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో ఆగస్టు 26న స్త్రీల ఓటుహక్కును స్మరించుకునే సభలు జరుగుతాయని చదివి, మా దగ్గర కూడా అలాంటిది ఏర్పాటు చేద్దామన్నాను. తోటి అధ్యాపకుడు ఒకరు, "మన దేశంలో ఆడవాళ్ళు అడగకుండానే, మగవాళ్ళతో పాటే ఓటు వచ్చింది, దానికి సభ ఎందుకు?" అన్నారు. ఆయన మాట నిజమేనా? సభ జరిపితే ఏ రోజున, ఎలా జరపాలి?
– ఒక అధ్యాపకురాలు, పెరంబూరు

జవాబు: మీ సహాధ్యాపకుని మాటలో సగమే నిజం. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు 21 ఏళ్ళు నిండిన స్త్రీ పురుషులందరికీ ఒకేసారి ఓటు లభించిన మాట వాస్తవం. కానీ "అడగకుండానే" అన్న మాటను మీరు తప్పకుండా ఖండించాలి, ఎందుకంటే అడిగినవాళ్ళు అడిగింది మీరున్న ఊళ్ళోనే.

1917లో అడయారులో మహిళా భారత సంఘం ఏర్పడింది. మార్గరెట్ కజిన్స్, డొరోతి జినరాజదాస, అనిబిసెంట్ అందులో ముఖ్యులు. ఆ ఏడాది చివర భారత వ్యవహారాల మంత్రి మాంటేగు పాలనా సంస్కరణల గురించి అభిప్రాయాలు వినడానికి మద్రాసు వచ్చినప్పుడు, స్త్రీవిద్య గురించి విన్నవించుకుంటామని కజిన్స్ అనుమతి కోరారు. రాజకీయ విషయమైతేనే వింటామని జవాబు వచ్చింది. అయితే రాజకీయ విషయమే అడుగుదామని వాళ్ళు నిశ్చయించుకున్నారు. 1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మాంటేగును కలిసి, పురుషులకు ఏ అర్హతలపై ఓటు ఇస్తారో అవే అర్హతలపై స్త్రీలకూ ఇవ్వాలని కోరింది. అప్పటికి బ్రిటన్‌లోని స్త్రీలకే పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేదన్న సంగతి పిల్లలకు ప్రత్యేకంగా చెప్పండి. అక్కడ 30 ఏళ్ళు దాటిన, కొన్ని ఆస్తి అర్హతలున్న స్త్రీలకు 1918లో, పురుషులతో సమానంగా 1928లో ఓటు వచ్చింది.

ఆ కోరిక వెంటనే నెరవేరలేదు. ఓటుహక్కును పరిశీలించిన సౌత్‌బరో కమిటీ స్త్రీలకు ఇప్పుడే వద్దని తేల్చింది. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్ళకు వదిలిపెట్టింది. అప్పుడు బ్రిటిషు పాలనలోని రాష్ట్రాలలో అందరికంటే ముందు, 1921లో, స్త్రీలకు ఓటు ఇచ్చింది మద్రాసు శాసనమండలి. నాటి మద్రాసు రాష్ట్రమంటే నెల్లూరు, గుంటూరు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, రాయలసీమ జిల్లాలు కూడా కలిసినదే కనుక, ఆ నిర్ణయంతో తెలుగు స్త్రీలకు సైతం తొలిసారిగా ఓటు దక్కింది. నిజమే, ఆస్తిని, చెల్లించే పన్నును బట్టి వచ్చిన ఆ ఓటు అతి కొద్దిమందికే అందింది. కూలి చేసుకునే ఆడమనిషికి అందులో చోటు లేదు. మగ కూలీలకూ లేదు. కొన్నేళ్ళకే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి నియామకంపై ఆ మండలిలో అడుగుపెట్టి, దానికి ఉపాధ్యక్షురాలయ్యారు.

1935 చట్టం ఇంకొన్ని తలుపులు తెరిచింది. చదవడం, రాయడం వచ్చినా, ఆస్తి ఉన్నవాడి భార్య లేదా వితంతువు అయినా స్త్రీకి ఓటు ఇవ్వవచ్చన్నది. ఫలానావారి భార్య కావడమే అర్హత అయిందన్నమాట. ఈ సంగతి దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే తరువాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి వంటివారు కూర్చున్న రాజ్యాంగ సభ, ఆస్తి, చదువు, భర్త, ఈ మూడింటినీ తీసివేసి వయసును మాత్రమే మిగిల్చింది.

అయినా 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల జాబితాలు రాసేటప్పుడు, ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువగా, లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని ఎన్నికల సంఘం పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. రాజ్యాంగం ఇచ్చిన ఓటు గుమస్తా చేతిలోని కాగితం దగ్గర ఆగిపోయింది. అమెరికాలోనూ ఇలాగే జరిగింది: 1848లో సెనెకా ఫాల్స్ సభలో మొదలైన అడగడం 1920 ఆగస్టు 26న రాజ్యాంగ సవరణగా ఫలించినా, దక్షిణాది రాష్ట్రాలలోని నల్లజాతి స్త్రీలలో చాలామందిని అక్షరాస్యత పరీక్షల పేరుతో, పన్నుల పేరుతో 1965 ఓటుహక్కు చట్టం వచ్చేదాకా జాబితాకు దూరంగానే ఉంచారు.

మా అమ్మమ్మకు తన పేరు చెప్పడానికి అభ్యంతరం ఉండేది కాదు గానీ, భర్త పేరు నోటితో పలికేది కాదు. జాబితా రాసుకునేవారు అరుగు మీద కూర్చుని "భర్త పేరు?" అని అడిగితే, తలుపు చాటు నుంచి నన్ను వీపు మీద తట్టి ముందుకు తోసేది. నేను తాతయ్య పేరు చెప్పేదాన్ని. వచ్చినాయన రాసుకునేవారు. తన ఓటు కోసం ఏడెనిమిదేళ్ళ పిల్ల నోటి మీద ఆధారపడ్డ ఆవిడ, పోలింగు రోజున మాత్రం ఎవరి తోడూ లేకుండా, ఉతికిన చీర కట్టుకుని, వంట కూడా మొదలుపెట్టకుండా అందరికంటే ముందు వెళ్ళి వచ్చేది.

అందుకే నా సలహా, మీ సభను డిసెంబరు 18న పెట్టండి. ఆగస్టు 26 అమెరికావారి తేదీ. దాన్ని గౌరవంగా చెప్పండి గానీ, మనకు సొంత తేదీ ఉండగా అరువు అక్కరలేదు. జాతీయ ఓటర్ల దినమైన జనవరి 25 కూడా మంచిదే, కానీ అప్పటికి ఆలస్యమవుతుంది. జనవరి 1 నాటికి 18 ఏళ్ళు నిండే అమ్మాయిలతో డిసెంబరులోనే దరఖాస్తు పెట్టించవచ్చు. (ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో.) ఏడాదిలో ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే, 17 దాటిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు.

ఉపన్యాసాలు ఒక గంటకు మించనివ్వకండి. ముగ్గుల పోటీ పెట్టుకోండి, తప్పులేదు. అసలు పని ఒక బల్ల దగ్గర జరగాలి: ప్రతి అమ్మాయీ ఫోనులో జాబితా తెరిచి తన పేరు, తన తల్లి పేరు వెతకాలి, లేకపోతే 6వ నంబరు ఫారం, తప్పుగా ఉంటే 8వ నంబరు ఫారం అక్కడే నింపాలి. తల్లినో అమ్మమ్మనో మొదటి ఓటు ఎప్పుడు వేశావు, జాబితాలో నీ పేరు ఎవరు చెప్పారు అని అడిగి, ఆ జవాబును ఒక పేజీ రాసుకుని రమ్మనండి. ఆ పేజీలు తెలుగులో ఉన్నా, తమిళంలో ఉన్నా గోడకు అంటించండి.

ప్రశ్న: పెళ్ళయి నెల్లూరు నుంచి అంబత్తూరు వచ్చి ఆరేళ్ళయింది. నా ఓటు ఇప్పటికీ పుట్టింట్లోనే ఉంది. ఇక్కడ కొత్తగా రాయించుకుంటే రెండూ ఉంచుకోవచ్చా? ఇంటిపేరు మార్చాలా? మా అత్తగారి పేరు భాగ్యమ్మ. జాబితాలో "పాక్కియమ్మాళ్" అని ఉంది. దాన్ని సరిచేయించాలా, వదిలేయాలా?
– ఒక గృహిణి, అంబత్తూరు

జవాబు: రెండు చోట్ల ఉంచుకోకూడదు. మామూలుగా నివసించే చోటే ఓటు ఉండాలని చట్టం. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే శిక్ష కూడా ఉంది. కొత్తగా 6వ ఫారం పెట్టకండి. 8వ ఫారంలో చిరునామా మార్పు కోరి, అంబత్తూరు ఇంటికి సంబంధించిన ఆధారం జతచేయండి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గానీ, మీ పోలింగు బూత్‌ అధికారి ద్వారా గానీ ఇవ్వవచ్చు; సందేహాలుంటే 1950 నంబరుకు ఫోను చేయండి. ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం లేదు. బంధువు పేరు అడిగే చోట భర్త పేరే రాయనక్కరలేదు, తండ్రి పేరో తల్లి పేరో రాయవచ్చు.

మీ అత్తగారి పేరు తప్పకుండా సరిచేయించండి. తమిళ లిపిలో "భ"కూ "ప"కూ ఒకటే అక్షరం కాబట్టి మన పేర్లు ఇలా మారిపోవడం ఇక్కడ రోజూ చూసేదే. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఒకలా, జాబితాలో ఇంకోలా ఉంటే బూత్ దగ్గర అనవసరమైన వాదన వస్తుంది. తమిళంలో ఎలా రాసినా, ఇంగ్లీషు అక్షరాలలో ఆవిడ పేరు ఎలా ఉండాలో ఒక కాగితం మీద విడిగా రాసి 8వ ఫారానికి ఆధారంతో పాటు జతచేయండి. ఫారం మీరు నింపినా, సంతకం మాత్రం ఆవిడ చేతే పెట్టించండి.