ముందుగా ఆమెకు చెప్పవలసిన మాట

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. విజయవాడలోని ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ ఆఖరి సెమిస్టరు చదువుతున్నాను. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. అక్క పెళ్ళికి చేసిన అప్పు ఇంకా నాలుగు లక్షలు ఉంది. క్యాంపస్ ఎంపికల్లో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నెలకు పాతిక వేలు చేతికి వస్తాయి. రెండేళ్ళు పనిచేస్తానని ఒప్పందం రాయాలి. పెదనాన్న మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి అయినా అమెరికాలో ఎం.ఎస్. చేయించమని నాన్నతో అంటున్నారు. ముప్ఫై లక్షలు అవుతుందట.

వీటన్నిటికంటే నన్ను తినేస్తున్నది మరొకటి. ఆరో తరగతి నుంచి నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఉంది. తను గుంటూరులోనే డిగ్రీ పూర్తి చేస్తోంది. చదువులు అయ్యాక ఇద్దరం విజయవాడలో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుదామని ఇంటర్‌లో ఉన్నప్పుడే మాట ఇచ్చుకున్నాం. వాళ్ళ నాన్న కూడా ‘ఆ అమ్మాయి ఉంటే పంపిస్తాను’ అన్నారు. ఉద్యోగం సంగతి తనకు ఎలా చెప్పాలో తెలియక మూడు వారాలు ఆగాను. ఈలోగా మా క్లాసు అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో తన కంట పడింది. ‘శుభాకాంక్షలు’ అని ఒక్క మాట పంపింది. రెండు నెలలుగా మాట్లాడడం లేదు. ఉద్యోగం వదులుకుని మాట నిలబెట్టుకోవాలా? దయచేసి చెప్పండి.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, నీ ఉత్తరం అసలు నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. రెండుసార్లు చదివాక కూడా నేను ఒక చిన్న వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘ఆ అమ్మాయి ఉంటే పంపిస్తాను.’ నువ్వు దాన్ని మాటల మధ్యలో చెప్పి ముందుకు వెళ్ళిపోయావు. నాకు మాత్రం నీ స్నేహితురాలి మౌనమంతా అందులోనే కనిపించింది.

ఇంటర్‌లో ఆ మాట ఇచ్చుకున్నప్పుడు అది నీకు స్నేహం. ఆమెకు స్నేహంతో పాటు ఇంటి గడప దాటడానికి దొరికిన అనుమతి కూడా. గుంటూరు నుంచి విజయవాడ గంట ప్రయాణమే కావచ్చు. కూతుర్ని ఒంటరిగా గదిలో ఉంచాలంటే మాత్రం ఇప్పటికీ చాలామంది తండ్రులకు అది చాలా దూరం. ఆయన నీ మీద నమ్మకంతో సరే అన్నారు. నువ్వు బెంగళూరు వెళుతున్నావంటే ఆయన ఇచ్చిన అనుమతి కూడా నీతో పాటే వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఆమెకు మూడు వారాల ముందే తెలిసి ఉంటే ఇంట్లో మాట్లాడుకోవడానికి, హాస్టల్ వెతుక్కోవడానికి, మరో తోడు చూసుకోవడానికి కొంత వ్యవధి ఉండేది. ఎవరో పెట్టిన ఫొటోలో చూసి తెలుసుకున్న అమ్మాయి ‘శుభాకాంక్షలు’ కాక ఇంకేమని రాస్తుంది?

అందుకని నీ ప్రశ్నకు జవాబు ముందే చెబుతున్నాను. ఉద్యోగం ఎంచుకున్నందుకు నువ్వు ఆమెకు క్షమాపణ చెప్పుకోనక్కరలేదు. దాచినందుకు చెప్పుకోవాలి. ఈ రెండూ నీ మనసులో పెనవేసుకుపోయాయి. ఉద్యోగం మానేస్తే ఆ తప్పు కూడా చెరిగిపోతుందని నీకు తోస్తున్నది అందుకే. చెరిగిపోదమ్మా. పైగా రేపు ఏ పరీక్షలో నీ నంబరు లేకపోయినా, ‘నా వల్లే కదా దీని ఉద్యోగం పోయింది’ అనే బరువు ఆమె నెత్తిన పడుతుంది. ఆమె అడగని త్యాగం చేసి ఆమెను రుణగ్రస్తురాలిని చేయకు.

ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. డిగ్రీ అయిన ఏడాది నేనూ నా స్నేహితురాలూ ఒకే ఉద్యోగ పరీక్ష రాశాం. నాకు వచ్చింది, ఆమెకు రాలేదు. ఆమె ముందు నా సంతోషం కనిపించకూడదని ఉత్తరం రాయడం వాయిదా వేశాను. వారం నెలయింది, నెల ఏడాదయింది. ఇక రాద్దామనుకుంటే ఇంత ఆలస్యానికి సంజాయిషీ ఏమని రాయాలో తోచక మళ్ళీ ఆగాను. ఆమె చిరునామా సంపాదించి, వెళ్ళి తలుపు తట్టేసరికి పదకొండేళ్ళు గడిచాయి. కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని ఆమె అన్న మాట నేను మరిచిపోలేదు: ‘నీకు వచ్చినందుకు నాకు ఏడుపు రాలేదే. నాకు ఏడుపు వస్తుందని నీకు నువ్వే అనుకున్నావు చూడు, అందుకు వచ్చింది.’ నీకు ఇప్పటికి గడిచినవి రెండు నెలలే.

ఇక నీ దారుల సంగతి చూద్దాం. నాలుగు పేజీల్లో గ్రూప్స్ గురించి నువ్వు రాసింది రెండే రెండు వాక్యాలు, అందులో ఒకటి ఆ మాట గురించి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల తేమ కొలవడానికి మీ జట్టు తయారుచేస్తున్న పరికరం గురించి దాదాపు పేజీ నిండా రాశావు. రీడింగు తప్పు వస్తుంటే రాత్రి రెండింటి దాకా కూర్చున్నదీ, మీ నాన్నగారు కాయను వేళ్ళతో విరిచి చూసి చెప్పిన తేమకూ మీ యంత్రం చూపిన అంకెకూ తేడా వచ్చి నవ్వుకున్నదీ రాశావు. గ్రూప్స్ గురించి రాసిన రెండో వాక్యం, ఆ పుస్తకం తెరిచి ఏడాది దాటిందని. ఆ కల మొదటి నుంచీ నీ స్నేహితురాలిదేనని నాకు అనిపిస్తోంది. పదహారేళ్ళ వయసులో స్నేహితురాలి కలను మన కల అనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ వయసు ప్రేమ అలాగే ఉంటుంది. ఆ ప్రేమను పట్టుకుని ఏళ్ళ తరబడి చదువుకు కూర్చోవడం మాత్రం కష్టం.

ఏళ్ళ తరబడి అని ఊరికే అనలేదు. మన రాష్ట్రంలో ఈమధ్య జరిగిన గ్రూప్-2నే చూడు. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. స్క్రీనింగ్ పరీక్ష 2024 ఫిబ్రవరి 25న పెట్టారు. మెయిన్స్ జరిగింది 2025 ఫిబ్రవరి 23న. రెండు పరీక్షల మధ్యనే ఏడాది. ఆ ఏడాదంతా గది అద్దె, భోజనం, ఇంట్లోవాళ్ళ ఎదురుచూపు నడుస్తూనే ఉంటాయి. పరిపాలన మీద నిజమైన ఆసక్తి ఉన్నవాళ్ళు తట్టుకుంటారు. నీ స్నేహితురాలు తట్టుకుంటుందనే నా నమ్మకం, నాలుగేళ్ళుగా ఆ దారిలోనే చదువుకుంటోంది కాబట్టి. ఇంట్లో నాలుగు లక్షల అప్పు పెట్టుకుని, మనసు వేరేచోట ఉంచుకుని నువ్వు తట్టుకోగలవని నేను అనుకోవడం లేదు. ఎప్పుడైనా నీకే ఆ కోరిక పుడితే తలుపులేమీ మూసుకుపోవు. ఆ నోటిఫికేషన్‌లో చాలా పోస్టులకు గరిష్ఠ వయోపరిమితి 42 ఏళ్ళు.

మీ పెదనాన్నగారి ఆలోచన వెనుక ప్రేమ ఉంది, కాదనను. లెక్క మాత్రం ఒకసారి కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టు. ముప్ఫై లక్షలకు నూటికి ఏడాదికి పది చొప్పున వడ్డీ అనుకున్నా మూడు లక్షలు, అంటే నెలకు పాతిక వేలు. నీకు ఇప్పుడు వస్తానంటున్న జీతమంతా ఆ వడ్డీకే సరి. చదువుకునే కాలంలో వాయిదాలు కట్టనక్కరలేదని బ్యాంకు అంటుంది, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ పెరుగుతూనే ఉంటుంది. మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ప్రభుత్వ బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. మీకు ఉన్న ఆస్తి ఆ ఇల్లే. అక్కడ చదువు అయ్యాక ఏడాది, మీలాంటి ఇంజినీరింగ్ వాళ్ళకు మరో రెండేళ్ళు పనిచేసే వీలు ఉంటుంది. ఆ తర్వాత కూడా అక్కడ ఉద్యోగం చేయాలంటే హెచ్-1బి వీసా కావాలి. అది ఏడాదికి 85,000 అనే పరిమితికి లోబడి, దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీసి ఇచ్చేది. లాటరీ మీద ఆశ పెట్టుకుని ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడం, పెళ్ళి అప్పే తీరని ఇంటికి నేను చెప్పలేను. ఈ విషయం నువ్వు కాక మీ నాన్నగారే అన్నగారికి చెబితే మర్యాదగా ఉంటుంది. లెక్క వేసి ఇవ్వడం నీ పని.

మిగిలింది బెంగళూరు. నా సలహా చేరమనే, కాకపోతే కళ్ళు తెరుచుకుని చేరు. ఆ ఒప్పందాన్ని సంతకం చేసే రోజున కాకుండా ముందే తెప్పించుకుని చదువు. రెండేళ్ళు అన్నది శిక్షణ మొదలైన రోజు నుంచా, అయిపోయిన రోజు నుంచా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఆ మొత్తం రెండేళ్ళూ అలాగే ఉంటుందా, పనిచేసిన కొద్దీ తగ్గుతుందా? ఒప్పందం రాసినంత మాత్రాన నీచేత బలవంతంగా పని చేయించడం ఏ చట్టంలోనూ లేదు. నష్టపరిహారం అడగవచ్చు, అదీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా న్యాయమనిపించినంతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా వాళ్ళ దగ్గర వదిలి రావద్దు. చూపించి వెనక్కి తెచ్చుకో. ఆఫర్ లెటర్ వచ్చాక చేరమని కబురు రావడానికి నెలలు పట్టిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వచ్చారు. అందుకని మొదటి జీతం ఫలానా నెలలో వస్తుందని అప్పులవాళ్ళకు ఇప్పుడే మాట ఇవ్వవద్దని నాన్నగారికి చెప్పు.

ఆ ఉద్యోగం నీ ఇష్టానికి నేరుగా సరిపోదని నాకూ తెలుసు. తేమ కొలిచే పరికరంతో దానికి సంబంధం లేదు. ఇక్కడ నీకు మీ నాన్నగారి కంటే మంచి సలహాదారు లేరు. ధర ఎటు పోతుందో తెలియని సీజనులో రైతు ఏం చేస్తాడో ఆయన్ని అడుగు. అప్పు వడ్డీకీ, కూలీలకూ సరిపడా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, యార్డులో అమ్మేసి, మిగిలినవి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. నువ్వూ వారంలో ఐదు రోజులు అమ్ముకో, మిగతా రెండు రోజులు దాచుకో. ఆ దాచుకున్న రోజుల్లో గేట్ పరీక్షకు చదవవచ్చు. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దానితో ఎం.టెక్.లో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం ఇస్తారు, ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేదు. రెండేళ్ళ ఒప్పందం ముగిసే నాటికి అప్పు సగమైనా తీరుతుంది, చేతిలో స్కోరూ ఉంటుంది. అప్పటికి ఆ పరికరం మీద ఇష్టం అలాగే ఉంటే అది నిజమైన ఇష్టమే.

ఇప్పుడు మళ్ళీ ఆమె దగ్గరికి వద్దాం. నాకు ముఖ్యం అనిపించేది ఇదే. పరీక్షలు అయ్యేదాకా ఆగుతానని రాశావు. ఆగకు. వాట్సాప్‌లో పొడవైన సందేశం రాయకు. అది నీకు తేలిక, ఆమెకు కాదు. వాళ్ళ ఇంటికి వెళ్ళు. ఇంటర్ పరీక్షలప్పుడు వాళ్ళ అమ్మగారు నీకూ కలిపి క్యారేజీ కట్టి పంపారని రాశావు కదా, ఆ ఇంటి గడప నీకు కొత్త కాదు. ఉద్యోగం వచ్చిందని స్వీట్ బాక్సు పట్టుకుని వెళ్ళకు. మామూలుగా వెళ్ళేటప్పుడు ఏం తీసుకువెళ్ళేదానివో అదే తీసుకువెళ్ళు.

అప్పుల గురించి మొదలు పెట్టకు. అది నిజమే అయినా ఆ సమయంలో సాకులా వినిపిస్తుంది. ‘ఉద్యోగం వచ్చిన రోజే నీకు చెప్పవలసింది. భయపడి దాచాను. నీ దారికి అడ్డం వచ్చానని తెలిసి కూడా దాచాను’ అని చెప్పి ఆగు. ఆమె కోప్పడితే కోప్పడనీ. ఏమీ అనకపోతే ఆ నిశ్శబ్దాన్ని నీ మాటలతో నింపకు. ‘నన్ను క్షమించానని చెప్పు’ అని అడగకు. ఎప్పుడు క్షమించాలో, అసలు క్షమించాలో లేదో ఆమె ఇష్టం. ఇన్నేళ్ళ స్నేహం ఒక సాయంత్రంలో మామూలు కాకపోవచ్చు, దానికి సిద్ధపడి వెళ్ళు.

ఆమె మాట్లాడితే అప్పుడు అడుగు: ‘మీ నాన్నగారితో నేను మాట్లాడనా?’ ఆమె సరే అంటేనే మాట్లాడు. వద్దంటే అక్కడితో వదిలెయ్యి. ఆమె తరఫున వాదించడానికి వెళ్ళవద్దు. నీ మీద నమ్మకంతో ఇచ్చిన మాటను నువ్వు నిలబెట్టలేకపోయావని ఆయనకు నీ నోటితో చెప్పు. ఆ తర్వాత ఆమె అనుకుంటున్న ఏర్పాటు ఆమే చెబుతుంది. విజయవాడలో అమ్మాయిల హాస్టలు చూడమంటే నీకు రోజూ వెళ్ళి వచ్చే ఊరే కదా, ఇద్దరూ కలిసి వెళ్ళి గదీ భోజనమూ చూసి, అక్కడ ఉంటున్న అమ్మాయిలతో మాట్లాడి, ఆయనకు చెప్పండి. కోచింగ్ వరకూ రోజూ రైల్లో వెళ్ళి వస్తే చాలంటే ఏ రైలులో ఆడవాళ్ళ పెట్టె ఎటు వైపు ఉంటుందో, రాత్రి చివరి రైలు ఎప్పుడో నాలుగేళ్ళు తిరిగిన నీకంటే ఆయనకు ఎవరు బాగా చెప్పగలరు? డబ్బు సాయం మాట ఎత్తవద్దు, ఆమె అడిగితే తప్ప. ‘ప్రతి ఆదివారం ఫోను చేస్తాను’, ‘నెలకోసారి వస్తాను’ లాంటి మాటలు కూడా వద్దు. ఒక మాట ఇచ్చి ఇద్దరూ ఎంత బాధపడ్డారో చూశావు కదా. చేయాలనిపించిన ఆదివారం చెయ్యి, అంతే.

నువ్వు రాసిన చివరి పేరాలో, రైలు కృష్ణా కెనాల్ స్టేషన్ దాటి నది మీదికి రాగానే ఆమెకు ఫోటో తీసి పంపే అలవాటు ఉండేదనీ, రెండు నెలలుగా ఫోను చేతిలో పట్టుకుని మానేస్తున్నాననీ ఉంది. ఆమెను కలిసి వచ్చిన మర్నాడు పంపు. జవాబు వచ్చినా రాకపోయినా పంపు. వాళ్ళ ఇంటికి ఈ ఆదివారమే వెళ్ళు. వస్తున్నానని ముందు రోజు వాళ్ళ అమ్మగారికి ఫోను చేసి చెప్పు.