పదిహేనేళ్ల పాఠకుడికి రాసేటప్పుడు

హనుమకొండ

తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి పూర్తిగా చదివాను. కౌమార వయసు వారికి రాసే రచయితగా నిలదొక్కుకోవాలంటే ఏ పురస్కారానికి పుస్తకం పంపాలని అడిగావు కనుక, ముందు ఆ సంగతి చెబుతాను. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారాన్ని, 2011లో యువ పురస్కారాన్ని మొదలుపెట్టింది. రెండింటికీ 50,000 రూపాయలు, తామ్రఫలకం ఇస్తారు. అయితే యువ పురస్కారం చూసేది రచయితకు 35 ఏళ్లు దాటాయా లేదా అన్నదే తప్ప, పాఠకుడి వయసుతో దానికి పని లేదు. అమెరికాలో 2000 నుంచి కౌమార సాహిత్యానికే ప్రత్యేకంగా ప్రింట్జ్ పురస్కారం ఇస్తున్నారు. మన దగ్గర పదిహేనేళ్ల పాఠకుడు బొమ్మల కథలకూ పెద్దల నవలలకూ నడుమ ఎటూ కాకుండా ఉన్నాడు. పురస్కారం కొలతలకు కథను కుదించబోతే ముందుగా జారిపోయేది అతడే.

నీ నవలకు ప్రాణం హాస్టల్ ప్రకరణాలు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు వారపు పరీక్ష ర్యాంకుల పట్టీలో తన పేరును కింది నుంచి వెతుక్కోవడం, ఆ సాయంత్రమే ఫోనులో "మంచిగనే రాసిన బాపూ" అని, తండ్రి ఇంకేదో అడగకముందే వరికోతల సంగతి ఎత్తడం నిజంగా చూసి రాసినట్టున్నాయి. వాటి జోలికి పోకు.

చివరి రెండు ప్రకరణాలు మాత్రం మళ్లీ రాయాలి. లెక్చరర్ వచ్చి నాలుగు పేజీలు హితబోధ చేయగానే పిల్లవాడి కష్టాలన్నీ తీరిపోయాయి. పైగా అంతవరకు ఓరుగల్లు మాట మాట్లాడిన పిల్లవాడు ఆయన ఎదుట పాఠ్యపుస్తకంలా మాట్లాడాడు. (పురస్కార సంఘాల్లో కూర్చునేదీ పెద్దవాళ్లే కాబట్టి ఆ ప్రసంగమే వారికి నచ్చే ప్రమాదం లేకపోలేదు.) తండ్రికి నిజం చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లవాడే తేల్చుకోవాలి, చెప్పాక తండ్రి కోప్పడినా, మౌనంగా ఫోను పెట్టేసినా, ఆ ఫలితాన్ని కూడా అతడే మోయాలి.

అచ్చుకు ఇచ్చేముందు మీ ఊరి జిల్లా పరిషత్ బడిలో పదో తరగతి పిల్లలకు ఒక ప్రకరణం చదివి వినిపించు. ఎక్కడ పక్కచూపులు చూస్తారో అక్కడ గుర్తు పెట్టుకో. పుస్తకం వచ్చాక మొదటి ప్రతులను గ్రంథాలయాలకు ఇవ్వు. 1904లో పుట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం మన హనుమకొండలోనే ఉంది కదా. రాయల్టీతో ఇల్లు గడవదు కనుక ఉద్యోగం వదలకు.

తిరగరాసిన ప్రకరణాలు దసరా తర్వాత పంపితే చాలు. 35 ఏళ్లు నిండడానికి నీకింకా చాలా వ్యవధి ఉంది.

ఇట్లు,
నీ అన్న