అమలాపురం పిన్‌కోడ్‌తో కుస్తీ

అమ్మలూ,

మీ నాన్న నీ ప్రాజెక్టు ఫొటో పంపాడు. ఏదైనా పెద్ద సంఖ్య తీసుకుని దాని లక్షణాలు రాయమంటే మన అమలాపురం పిన్‌కోడ్ 533201 తీసుకున్నావు. అది నాకు భలే నచ్చింది. "43 వరకూ చూశాను, దేనితోనూ పోవడం లేదు, ప్రధాన సంఖ్యే" అని రాశావు. అది మాత్రం నచ్చలేదు.

ఎంతవరకు చూడాలో మొదటే తేల్చుకోవాలి. దీని వర్గమూలం 730 దాటి కాస్త. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 129 ఉన్నాయి. అన్నీ అయ్యాకే ఆ మాట అనాలి. 31కీ, 43కీ శేషం 1 వచ్చింది కదా! ఆ రెండూ పక్కింటి 533200లో కాపురం ఉన్నాయి. ఇంకో నాలుగు చూసి ఉంటే 47, 53, 59 దాటి 61 దొరికేది: 61×8741. గట్టు నాలుగు బారల దూరంలో ఉండగా ఈత ఆపేశావు.

నేనేం తక్కువ తినలేదులే. పంతులుగా చేరిన కొత్తలో, 2ని 2, 3, 5, 7 సార్లు వేసి గుణించి ఒకటి తీస్తే వచ్చే 3, 7, 31, 127 వరసలోనే, 11 సార్లకు వచ్చే 2047 కూడా ప్రధాన సంఖ్య అని బోర్డు మీద రాసేశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి "23×89 అండి" అన్నాడు. ఆ పూట పాఠం ముందుకు సాగలేదు.

ఇక 8741. దీనికి మళ్ళీ 2 దగ్గర మొదలెట్టకు. 61 కంటే చిన్నవేవీ పెద్దదాన్నే భాగించలేదు, దీన్నెలా భాగిస్తాయి? దీని వర్గమూలం 93 పైచిలుకు. కాబట్టి 61 నుంచి 89 దాకా ఏడే ఏడు చూడాలి. 61ని కూడా మళ్ళీ చూడు, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఏదీ భాగించదు, 8741 ప్రధానమే.

అంటే మన పిన్‌కోడ్‌కి కారణాంకాలు నాలుగే. తనను తీసేసి మిగతావి కూడితే 8803, తనకంటే ఎంతో తక్కువ, బాగా లోటు సంసారం. 533200కి అరవై ఉన్నాయి, అలాగే కూడితే 8,19,888 వస్తుంది, తనకంటే ఎక్కువ. ఒక్క అంకె తేడాలో ఇంత మిగులు! ఈ పోలిక ప్రాజెక్టులో తప్పకుండా రాయి.

అసలు అందం వేరే ఉంది. చిన్నప్పుడు మేం కాయల్ని పుంజీలుగా, నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవాళ్ళం. అలా లెక్కపెడితే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తం అవుతుంది. ఫెర్మా అనే గణితవేత్త చెప్పాడు, తర్వాత ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త నిరూపించాడు. 61లోనూ 8741లోనూ ఒకటి మిగులుతుంది: 5²+6², 50²+79². అందుకే 533201 రెండు రకాలుగా విడిపోతుంది: 95²+724², 224²+695². 5, 6లతో 50, 79లను గుణించి, కూడి, తీసి చూడు. ఎలా వచ్చాయో నీకే తెలుస్తుంది. నేను చెప్పను.

మామ్మ పూతరేకులు కట్టిస్తోంది. ప్రాజెక్టు ఫెయిర్ చేసి ఫొటో పంపాకే పార్సిల్ వేస్తానంటోంది.

తాతయ్య